రిజిస్ట్రేషన్‌కి 4,130, రెజ్యూమేకి 60

ఈ రెండు చోట్లలో దేని పేరూ రాయడం లేదు. మొదటిదాని పేరు రాస్తే నాకు లేనిపోని తలనొప్పి. రెండోదానికి అసలు పేరే లేదు. బోర్డు మీద "జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ వర్క్స్" అని ఉంటుంది, అందులో కూడా "లా" ఎండకి పెచ్చులూడిపోయి "మినేషన్" మిగిలింది. మొదటిది వైజాగ్ ద్వారకానగర్‌లో రెండో అంతస్తులో ఉన్న ప్లేస్‌మెంట్ కన్సల్టెన్సీ. రెండోది అక్కయ్యపాలెం 80 అడుగుల రోడ్డు పక్క సందులో ఉన్న నెట్ సెంటర్. రెండు చోట్లా డబ్బు కట్టినవాడినే, అందుకని రెండింటి గురించీ రాస్తున్నాను.

ముందు నా సంగతి. నాకు 58. పోర్టు ఏరియాలో ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో 29 ఏళ్లు పనిచేశాను. ఓడలో వచ్చిన సరుకు కస్టమ్స్ నుంచి విడిపించడానికి, ఇక్కడి సరుకు బయటి దేశాలకి పంపడానికి కావలసిన కాగితాలు చూడటం మా పని. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం వేయడం, డ్యూటీ లెక్క కట్టడం, కంటైనర్ యార్డు చుట్టూ తిరగడం, సంతకం కోసం మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడటం. జి కార్డు పరీక్ష కూడా పాసయ్యాను. ఆ కార్డుంటే కంపెనీ తరఫున కస్టమ్స్ కాగితాల మీద సంతకం పెట్టొచ్చు.

2020లో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది. మన బిల్లు చూసే అధికారి ఏ ఊళ్లో కూర్చున్నాడో మనకి తెలీదు. ముఖం చూపించాల్సిన పని పోయింది, ముఖపరిచయాలతో నెట్టుకొచ్చే మాలాంటివాళ్ల పని కూడా సగం పోయింది. తర్వాత కొన్నాళ్లకి మా కంపెనీ వైజాగ్ బ్రాంచి ఎత్తేసి అంతా చెన్నై నుంచే చేసుకుంటామంది. చేసుకోవచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. నేను ఆఖరి రోజున కార్డు అప్పగించి, డ్రాయర్‌లో ఉన్న స్టాంపు ప్యాడూ స్టీలు గ్లాసూ పట్టుకుని ఇంటికొచ్చేశాను.

పీఎఫ్ పెన్షన్ వస్తుందిగా అంటారు. వస్తుంది. మన జీతం ఎంతైనా పెన్షన్ లెక్కకి తీసుకునేది 15,000 దాకానే, 2014కి ముందు చేసిన సర్వీసుకైతే 6,500 దాకానే. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి, అన్నీ కూడి 70తో భాగిస్తే నాలుగు వేల చిల్లర తేలింది. మా ఎదురింటి మాస్టారు గవర్నమెంటు స్కూల్లో పనిచేస్తారు, వాళ్లకి 2022 నుంచి రిటైర్మెంటు 62. ఆయన రోజూ ఎనిమిదిన్నరకి బండి తీస్తుంటే నేను గేటు దగ్గర పేపరు పట్టుకుని నిలబడేవాణ్ణి. మూడో వారానికి వంటింట్లో డబ్బాలకి లేబుళ్లు అంటించడం మొదలుపెట్టాను. మా ఆవిడ రెండు రోజులు ఓపిక పట్టి, "మీరు ఎక్కడికైనా వెళ్లండి, జీతం లేకపోయినా పర్వాలేదు" అంది.

అలా ద్వారకానగర్ మెట్లెక్కాను. లిఫ్ట్ ఉంది, పనిచేయడం లేదన్న కాగితం దానికంటే పాతది. లోపల మాత్రం చల్లగా ఏసీ, గాజు తలుపు, గోడ మీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఈ రివ్యూలో ఆ అమ్మాయికి విడిగా మార్కులున్నాయి, తర్వాత చెప్తాను.

రిజిస్ట్రేషన్ 3,500, దానిమీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130. "సీనియర్ ప్రొఫైల్" కాబట్టి ఈ రేటట, కుర్రాళ్లకి 1,500. ఎందుకమ్మా అంటే, సీనియర్లకి వెతకడం కష్టం సార్ అంది. ఆ నిజాయితీ నాకు నచ్చి డబ్బు కట్టేశాను. రసీదు చేతికొచ్చాక అలవాటుకొద్దీ జీఎస్టీ నంబరు చూశాను. 37తో మొదలైంది, అది ఆంధ్రప్రదేశ్ కోడు, సరే. లెక్కపెడితే 14 ఉన్నాయి. ఉండాల్సినవి 15. అమ్మాయికి చూపిస్తే లోపలికెళ్లి కనుక్కొచ్చి, చివర్లో పెన్నుతో ఒక అక్షరం రాసిచ్చింది. 29 ఏళ్ల నా సర్వీసులో ఇలాంటి కాగితం పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లుంటే ఆ రోజుకి నా పని అయిపోయినట్టే. అక్కడే లేచి వచ్చేయాల్సింది. ఏసీ బాగుంది, కూర్చుండిపోయాను.

తర్వాత ఫారం. కంప్యూటర్లో అనుభవం అనే చోట 0-5, 5-10, 10+ అని మూడే ఉన్నాయి. నా 29 ఏళ్లు ఆ ప్లస్ గుర్తులోకి దూరాయి. వయసు అనే చోట 55 దగ్గర ఆగిపోయింది. "55 పెట్టేస్తాను సార్, లేకపోతే సేవ్ అవ్వట్లేదు" అంది. ఆధార్‌లో 58 ఉందమ్మా అన్నాను. "అది తర్వాత స్టేజీ సార్." చివరికి ఒక ఫోటో కావాలంది, జుట్టుకి రంగేయించుకుని దిగితే బాగుంటుందని కూడా చెప్పింది. సెలూన్లో 250 ఇచ్చి వేయించుకున్నాను. మా ఆవిడ తలుపు తీసి, ఎవరండీ అంది.

నేను ఏం పని చేశానన్నది మాత్రం ఎవరూ అడగలేదు. "లాజిస్టిక్స్" అని ఒక మాట టైపు చేసుకున్నారు, అంతే.

నాలుగు నెలల్లో మూడు చోట్లకి పంపారు. మొదటిది మధురవాడలో అపార్ట్‌మెంట్లకి సెక్యూరిటీ సూపర్‌వైజర్, 12 గంటల డ్యూటీ, రాత్రి షిఫ్టు. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను, కానీ నాకు షుగరుంది, రాత్రంతా మేలుకోలేను. గేటు దగ్గర వాచ్‌మన్ నాకంటే పెద్దవాడు. "ఏటి బాబూ, మీరు కూడానా?" అన్నాడు. ఆ మాట చాలాసేపు చెవిలో తిరిగింది.

రెండోది ఇంటర్వ్యూ అని పిలిచారు. వెళ్తే ఒక హాల్లో నాలాంటివాళ్లు 14 మంది, అందరూ ఇస్త్రీ చొక్కాల్లో, చేతిలో ప్లాస్టిక్ ఫైళ్లతో. నా పక్కనాయన రిటైరైన బ్యాంకు క్యాషియరు, ఆయన పక్కనావిడ ప్రైవేటు స్కూల్లో 22 ఏళ్లు లెక్కలు చెప్పారట. గంటసేపు మా గొప్పదనం గురించి మాకే చెప్పి, ఆఖర్న తేల్చిందేమిటంటే ఇన్సూరెన్స్ ఏజెంటు పని. జీతం ఉండదు, కమీషన్. ఐసీ-38 పరీక్ష రాయాలి. ఒక తెల్లకాగితం ఇచ్చి, తెలిసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు 50 రాయమన్నారు. అప్పుడర్థమైంది, వాళ్లకి కావలసిన అనుభవం ఆ 50 పేర్లే అని. క్యాషియరుగారు ఫైలు మూసి, "టీ అయినా ఇస్తారేమో చూద్దాం" అని కూర్చున్నారు. ఇచ్చారు. బాగుంది.

మూడోది మాత్రం నిజమైన ఉద్యోగం. ఆటోనగర్ వైపు ఒక లాజిస్టిక్స్ ఆఫీసు, డాక్యుమెంటేషన్ పని, అచ్చంగా నాది. హెచ్ఆర్ అబ్బాయి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు, ఒక పాత ఇన్‌వాయిస్ ఇచ్చి తప్పులు చూడమన్నాడు. ధరలో ఫ్రైట్, అంటే రవాణా కిరాయి, కలిసిందో లేదో రాయలేదని, అలా వదిలేస్తే డ్యూటీ లెక్క తప్పుతుందని చూపించాను. సంతోషించాడు. ఆ తర్వాత కాసేపు పెన్ను తిప్పుకుంటూ కూర్చుని అన్నాడు:

"మా ఆపరేషన్స్ మేనేజర్‌కి 33 సార్. మీకు పని చెప్పాలంటే మొహమాటపడతాడు."

"చెప్పమనండి బాబూ, చేస్తాను."

"అదే సార్. మీరు చేస్తారు. అతనే చెప్పలేడు."

తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఈ నాలుగు నెలల్లో నన్ను ఎవరూ కసురుకోలేదు. ఒక్కరు కూడా "నీకు వయసైపోయింది" అనలేదు. అందరూ "గారు" అన్నారు, కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. మన ఊళ్లో పెద్దవాడికి ఉద్యోగం ఇవ్వకపోవడానికి కోపం అక్కర్లేదు, గౌరవం చాలు. బూటు పాలిష్ చేసుకుని వెళ్లి, నమస్కారాలు మూట కట్టుకుని తిరిగొచ్చేవాణ్ణి.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. వెళ్లి అడిగితే "ప్రొఫైల్ యాక్టివ్‌లోనే ఉంది సార్" అనేవారు. ఒకరోజు సాయంత్రం ఏదో కొత్త నంబరు నుంచి ఫోను. రిసెప్షన్ అమ్మాయి, తన సొంత ఫోన్ నుంచి. "అంకుల్, ఆధార్ దగ్గరికొచ్చేసరికి కంపెనీలు వెనక్కి పంపేస్తున్నాయి. మావాళ్లు అందుకే ముందుకి పంపడం మానేశారు. మీరు ఎదురుచూస్తుంటారని చెప్తున్నాను" అంది. 1915కి ఫోన్ చేసి కంప్లైంటు పెడతానని మెయిల్ పెట్టాను. అది వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరని వాళ్లకీ తెలుసేమో, వారం తిరక్కుండా 2,000 వెనక్కొచ్చింది. మిగతా 2,130 ఎందుకు పట్టుకున్నారో రాయలేదు. కన్సల్టెన్సీకి 5లో 1. అమ్మాయికి 5లో 5.

డబ్బు కట్టకుండా ఏమీ లేవా అని అడుగుతారు. ఉన్నాయి, ముందు అవే చూసుకోవాల్సింది. కంచరపాలెంలో జిల్లా ఉపాధి కార్యాలయం ఉంది, కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్ వెబ్‌సైటు 2015 నుంచి నడుస్తోంది. రెండింట్లోనూ పేరు నమోదుకి పైసా తీసుకోరు. 60 దాటినవాళ్ల కోసం సేక్రెడ్ అనే పోర్టల్ ఒకటి కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021 అక్టోబరు 1న తెచ్చింది. అది చూసి నాకు నవ్వొచ్చింది. కంపెనీల లెక్కలో ముసలివాణ్ణి, ఆ పోర్టల్‌కి ఇంకా కుర్రాణ్ణి. 55కీ 60కీ మధ్య ఉన్నవాడిది ఏ వయసో నాకైతే తెలీడం లేదు.

ఇక నెట్ సెంటర్.

నేనక్కడికి వెళ్లింది ఉద్యోగం కోసం కాదు, ఆధార్ జిరాక్స్ కోసం. షట్టర్ సగం ఎత్తిన ఒకే గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, మూలన ప్లాస్టిక్ కుర్చీ, బల్ల మీద టీ గ్లాసుల గుండ్రటి మరకలు. నడిపేది ఒక కుర్రాడు, పాతిక ఉంటాయి. జిరాక్స్‌తో పాటు ఒక రెజ్యూమే కాపీ కూడా తీయమని ఇచ్చాను. కన్సల్టెన్సీవాళ్లు చేసింది, నాలుగు పేజీలు. వాడు మొదటి పేజీ చదివి, "బాబాయ్ గారూ, ఇందులో మీరు లేరు" అన్నాడు.

కొత్తది చేస్తే ఎంత అన్నాను. టైపింగ్‌కి 50, రెండు ప్రింట్లకి 10.

కీబోర్డు దగ్గరికి లాక్కుని, "ఇంతకీ మీరు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఏం చేసేవారు?" అని అడిగాడు. నాలుగు నెలలుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదేనని నాకప్పటిదాకా తెలీదు. చెప్పడం మొదలుపెట్టాను. కంటైనర్ దిగాక ఉచితంగా ఉంచుకునే రోజులు కొన్నే ఉంటాయి, ఆలోపు బయటికి రాకపోతే అద్దె మీద అద్దె పడుతుంది, సరుకు విలువకంటే అద్దె ఎక్కువైన సందర్భాలు నేను చూశాను, అందుకని ఓడ రాకముందే బిల్లు వేయించేవాణ్ణి అన్నాను. వాడు ఆపి, "అంటే కంపెనీకి డబ్బు మిగిల్చారన్నమాట. ఎన్నిసార్లు?" అన్నాడు. లెక్క ఎవరు పెట్టుకున్నారు? వాడు వదల్లేదు, నెలకి ఎన్ని బిల్లులు వేసేవారో చెప్పమని ఆ లెక్కే రాశాడు.

మాటల్లో హుద్‌హుద్ వచ్చింది. 2014 అక్టోబరు 12. మా ఆఫీసు రేకులు ఎగిరిపోయి, బీరువాలోకి నీళ్లెళ్లి, ఇంకా క్లియర్ కాని ఫైళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకుకి ఓడ కంపెనీ ఇచ్చే రసీదు పోతే సరుకు ఇవ్వరు. కరెంటు లేదు. వీధిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉన్నాయన్ని బతిమాలి తెచ్చుకుని, ఒక్కో కాగితం రెండు లుంగీ గుడ్డల మధ్య పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేశాను. ముందు నుంచి చేస్తే స్టాంపు సిరా కరిగిపోతుంది, మొదటి కాగితంతోనే నేర్చుకున్నాను. మూడు రోజులు పట్టింది. ఒక్క కాగితం పోలేదు. అది చెప్తూ చేత్తో ఇస్త్రీ చేస్తున్నట్టు చూపిస్తున్నాను కాబోలు, జిరాక్స్‌కి వచ్చిన ఇద్దరు కూడా ఆగి వింటున్నారు. "అప్పుడు నేను ఎనిమిదో తరగతి బాబాయ్ గారూ, మా ఇంటి మీద కొబ్బరిచెట్టు పడింది" అన్నాడు కుర్రాడు. టైపు చేస్తూనే ఉన్నాడు. ఆ ఇస్త్రీ సంగతి ఇప్పుడు నా రెజ్యూమేలో మూడో లైను.

మొత్తం ఒక పేజీ. పుట్టిన తేదీ తీసేశాడు. "పిలిచాక ఎలాగూ చూస్తారు, ముందు పని చూడనీండి" అన్నాడు. ఫోటో కూడా వద్దన్నాడు. నా 250 రూపాయల రంగు అలా వృథా అయింది.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టర్ దించి భోజనానికి వెళ్తాడు, రెండంటాడు, మూడింటికి వస్తాడు. ప్రింటర్ ఎడమ అంచున సన్నటి నల్ల గీత వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగులు మనమే ఒకసారి చూసుకోవాలి, నా రెజ్యూమేలో "కస్టమ్స్" కాస్తా "కాస్ట్యూమ్స్" అయింది. అలాగే పంపుంటే ఏ నాటక సమాజంవాళ్లో పిలిచేవారు.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు కుర్రాడు ఒకాయన్ని చూపించాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు కొని అమ్మే ఆయన, బయటి దేశం నుంచి ఆర్డరొచ్చింది, ఐఈసీ నంబరు కావాలట. ఎగుమతులు, దిగుమతులు చేయాలంటే ఉండాల్సిన కోడు అది. ఆన్‌లైన్‌లోనే వస్తుంది, గవర్నమెంటు ఫీజు 500, మన పాన్ నంబరే ఆ కోడవుతుంది. బయట దీనికే మూడు వేలు అడిగారట ఆయన్ని. ముప్పావుగంటలో ఫారం నింపించాను. వెళ్లబోతూ, చెక్క బొమ్మలే కదా, ఏ కోడు కింద పంపాలి అన్నాడు. బొమ్మ చేతిలోకి తీసుకున్నాను. అంకుడు కర్ర, తేలిక, లక్క నునుపు. ఎర్ర చక్రాల గుర్రబ్బండి.

"ఇది పిల్లలు ఆడుకోవడానికా, షోకేసులో పెట్టుకోవడానికా?" అన్నాను.

"తేడా ఏముందండీ, బొమ్మే కదా."

ఉంది. ఆడుకునేదైతే కస్టమ్స్ సరుకుల కోడ్ల పట్టికలో 95వ చాప్టరు, 9503. అలంకారానికి పెట్టుకునే చెక్క బొమ్మైతే 44వ చాప్టరు, 4420. ఆటబొమ్మ అని రాస్తే అవతలి దేశంలో పిల్లల బొమ్మల భద్రత రూల్సన్నీ వచ్చి మీద కూర్చుంటాయి. ఆయన తన బొమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. నాకు ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్లాలనిపించింది, బండి అక్కడే వదిలేసి మర్నాడు తెచ్చుకున్నాను.

అప్పటి నుంచి శనివారాలు అక్కడ కూర్చుంటున్నాను. ఐఈసీ ఒక్కింటికి 300 తీసుకుంటాను, 100 కుర్రాడికి. పోయిన నెల తొమ్మిది చేశాం. అంటే నాకు 1,800. దీన్ని ఉద్యోగం అనరు, నేనూ అనడం లేదు. కన్సల్టెన్సీ పంపిన ఆటోనగర్ లాంటి చోటు ఇంకోటి దొరికితే రేపే వెళ్తాను, వారానికి రెండు మూడు అప్లికేషన్లు ఇప్పటికీ పెడుతున్నాను. మా ఆవిడ డబ్బాల లేబుళ్లు తీయడానికి కొబ్బరినూనె రాసి తుడుస్తోంది.

నెట్ సెంటర్‌కి 5లో 4. ఒక మార్కు ఆ ఒంటిగంట షట్టర్‌కి తగ్గించాను.

శనివారం వచ్చేవాళ్లు పదిన్నర తర్వాత రండి. ఐఈసీ కోసమైతే పాన్, అడ్రసు ప్రూఫు, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఆధార్‌కి లింకైన ఫోను తెచ్చుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. ఇప్పటికే కోడున్నవాళ్లు ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఒకసారి వివరాలు అప్‌డేట్ చేయాలి, మార్పులేమీ లేకపోయినా చేయాల్సిందే, లేకపోతే ఆపేస్తారు. షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌లో ఇచ్చే కాగితం వేయమని మాత్రం నన్ను అడక్కండి, అది లైసెన్సున్నవాళ్ల పని. చిల్లర తెచ్చుకోండి, కుర్రాడి దగ్గర ఎప్పుడూ ఉండదు. మూల కుర్చీలో నేనుంటాను, ఫ్యాను గాలి అటు రాదు కాబట్టి ఆ కుర్చీకి పోటీ లేదు.